నాలుగో అంతస్తు వరస

నాలుగో అంతస్తుకు నీళ్ళు ఆపింది రాజశేఖర్. ఇందులో శ్రీరామమూర్తికి సందేహం లేదు. తేలాల్సింది ఒక్కటే, వాడు ఇల్లు ఖాళీ చేసేది నెలాఖరుకా, ఇంకా ముందేనా అని.

ఖాళీ బకెట్‌ను గుమ్మంలోనే వదిలి, తలుపుకు తాళం వేసి, నూలుదారంతో చీటీ కట్టిన తాళంచెవిని జేబులో పడేసుకుని మెట్లు దిగాడు. ఇంట్లో ప్రతి తాళంచెవికీ ఏదో ఒక పేరు పెట్టి ఇలా చీటీ కట్టేది ఆయన భార్య; ఆ పేర్లను ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు. అపార్ట్‌మెంట్ నీళ్ళ వాల్వులను కంప్యూటరుతో నడిపే రాజశేఖర్ మొదటి అంతస్తులో కిరాయికున్న ఫ్లాటు కూడా ఆయనదే. చిక్కడపల్లిలో ఇలాంటి ఇల్లు మళ్ళీ దొరకదని, పాప బడి నారాయణగూడలో నడిచిపోయేంత దూరమేనని రాజశేఖర్‌కు తెలుసు. వాడికి తెలుసన్న సంగతి శ్రీరామమూర్తికీ తెలుసు.

అపార్ట్‌మెంట్ సెక్రెటరీ ఓదెలు అప్పటికే వచ్చి ఉన్నాడు. రాజశేఖర్ ల్యాప్‌టాప్ ముందున్నాడు.

"రాండి సార్, కూసోండి," అన్నాడు ఓదెలు.

శ్రీరామమూర్తి ల్యాప్‌టాప్ పక్కనున్న పేము కుర్చీలో కూర్చున్నాడు. నడుముకు దిండు కూడా పెట్టి ఉంది. గదంతా కలయజూశాడు. టీవీ లేదు. గణాంక శాఖలో ఉద్యోగం చేసి రిటైరైన భార్య బాలత్రిపురసుందరి రోజూ సాయంత్రం ఇక్కడికే దిగేది. ఎందుకని ఆయన ఎన్నడూ అడగలేదు. ఆడవాళ్ళు సీరియళ్ళకు కాక దేనికి దిగుతారు? పోయిన దసరాకు ఆవిడ పోయింది. ఈలోగా వీళ్ళు ఉన్న టీవీ కూడా అమ్ముకున్నట్టున్నారు. అలాంటి సంసారం.

"చెప్పు. నా కొళాయి ఎందుకు ఎండింది?"

రాజశేఖర్ తెరను ఆయన వైపు తిప్పాడు. "వాల్వులు పైథాన్ అనే కంప్యూటర్ భాషల రాసిన ప్రోగ్రాంతోని తెరుచుకుంటయ్ సార్. ఇగో, గడుల పట్టిక. అడ్డం వరస ఒక అంతస్తు. నిలువు వరస ఒక ఫ్లాటు. గడిల ఉన్న అంకె, పొద్దున ఎన్ని నిమిషాలు నీళ్ళు ఇడవాల్నో చెప్తది."

"నా గడిలో సున్నా ఉంది."

"అవును సార్. ఎండకాలం కోసమని పోయిన వానకాలంలనే ప్రోగ్రాంల ఒక ముక్క రాసి పెట్టి ఉన్నది. నాలుగో అంతస్తు వరసను పక్కకు తీసుకొని, సగం చేస్తే ఎన్ని నీళ్ళు మిగుల్తయో చూసేటందుకు. ఉత్త లెక్కకే. నీళ్ళు తగ్గించనీకి కాదు."

"మరి తగ్గాయిగా."

"పక్కకు తీసినమనుకుంటం సార్, కని అది వేరే పట్టిక కాదు. పొలంల ఒక మడిని వేలు పెట్టి చూపిచ్చినట్టు. చూపిస్తే ఇంకో మడి పుడ్తదా? దాంట్ల ఏం కోసినా అసలు పొలంలనే కోసినట్టు. నకలు కావాల్నంటే నకలు తియ్యమని విడిగ చెప్పాలె. గా ఒక్క మాట రాయలే. ఎండలు మొదలైనంక ఆ ముక్క రోజూ నడిచింది. ఒకరోజు సగం, తెల్లారి అండ్ల సగం. గడిల అరలు పావులు నిలువయ్ గద, ఆఖరికి సున్నా."

"వీధిబడిలో చదివినవాణ్ణి. నాకు పొలం సంగతి చెప్పకు," అన్నాడు శ్రీరామమూర్తి. "మా ఊళ్ళో గేదెలు కాసేవాడికి కూడా తెలుసు, చూపించడం వేరు, ఇవ్వడం వేరని. ఇంత చదువు చదివి ఆ మాత్రం తెలియని దద్దమ్మ రాశాడు దీన్ని."

రాజశేఖర్ తల వంచుకున్నాడు.

"పైగా ప్రయోగానికి నా అంతస్తే దొరికిందా? సొంత అంతస్తు మీద చేసుకోవచ్చుగా?"

రాజశేఖర్ కర్సర్‌ను ఆ వరస మీద పెట్టాడు. "తప్పు నాదే అనుకోండి సార్. ఇప్పుడే సరి చేస్త."

"అనుకునుడేంది తమ్మీ?" అన్నాడు ఓదెలు. "రాసినవా, రాయలేదా?"

"ఎవరు రాస్తే ఏందన్నా. నడిపించేది నేనే గద."

శ్రీరామమూర్తి తెరకు దగ్గరగా వంగాడు. నాలుగో అంతస్తు వరసకు ఇంగ్లీషు అక్షరాల్లో కాకర అని పేరుంది. దాని కింద దొండ. ఆ కింద బీర.

"ఇవేంటి?"

"తీసుకున్న ముక్కలకు పేర్లు సార్. ఏదో ఒకటి పెట్టాలె."

"రాసినవాడికి తిండి యావ తప్ప మరోటి లేదు. అశోక్‌నగర్ హాస్టళ్ళ నిండా ఇలాంటివాళ్ళే. పుస్తకం మీద కన్ను, మెస్సు మీద మనసు."

"నన్ను ఏమన్నా అనుండ్రి సార్," రాజశేఖర్ మొదటిసారి తలెత్తాడు. "గా పేర్లను ఏమనకుండ్రి."

"ఓహో, పౌరుషం కూడానా. సరే, ఒక్క అవకాశం ఇస్తాను. ఆ దద్దమ్మ పేరు చెప్పు, ఇక్కడే ఉండు. లేదా నెలాఖరుకు ఖాళీ చెయ్యి."

లోపలి గదిలో పాప ఎక్కాలు చదువుతోంది. రాజశేఖర్ అటు చూశాడు. తర్వాత ఆయన కూర్చున్న పేము కుర్చీ వైపు చూశాడు.

"ఖాళీ చేస్త సార్."

"పిస్సలేసిందా తమ్మీ నీకు?" అన్నాడు ఓదెలు.

రాజశేఖర్ కీబోర్డు మీదికి వంగాడు. ప్రోగ్రాంలోని ఆ ముక్కలో నకలు తియ్యమన్న ఒక్క మాట చేర్చాడు. పాత అంకెలు మళ్ళీ గడుల్లో నింపాడు. ఎక్కడో పైన వాల్వు టక్కుమంది.

"మీదికి నీళ్ళు ఎక్కినయో లేదో నేను చూసొస్త," అని ఓదెలు చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇయ్యుండ్రి సార్."

శ్రీరామమూర్తి జేబులోంచి తాళంచెవి తీశాడు. ఇవ్వబోయి ఆగాడు. దారానికి వేలాడుతున్న చీటీని చూశాడు. తెరను చూశాడు. నడుము వెనకున్న దిండును తడిమి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏమైంది సార్?"

"ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు," అన్నాడు శ్రీరామమూర్తి. "ఈ సంగతి ఇక నా ముందు ఎవరూ ఎత్తకండి. నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."

తాళంచెవిని పిడికిట్లో మూసుకుని ఒక్కడే మెట్లెక్కాడు.

చీటీ మీద బాలత్రిపురసుందరి చేతిరాతలో 'కాకర' అని ఉంది.