నీలం థర్మాస్

మాతే చల్లగా ఉంది.

నేలిదా గొట్టం నోట్లోంచి తీసి, ఎనామిల్ గిన్నెలో నానుతున్న, టీలా తాగే ఆ పచ్చటి ఆకును చూసింది. నిన్నా ఇంతే. మొన్నా ఇంతే. చల్లటి మాతే ఇచ్చారంటే, ఇక వెళ్లిపొమ్మని.

కాపురానికొచ్చిన నాటినుంచి విల్మార్ ఆమెకు చల్లటి మాతే ఇచ్చింది లేదు. థర్మాస్ చంకలో ఇరికించుకుని, ఎదురుగా కూర్చుని, పొగలొస్తుంటే పోసిచ్చేవాడు.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్లి పోసుకొస్తున్నాడు.

"నీళ్లు కాగలేదా?"

"కాగాయే." ముఖం తిప్పుకున్నాడు.

ఫోనూ అంతే. నిమ్మచెట్టు కిందికి పోయి గొంతు తగ్గించి మాట్లాడతాడు. మొన్న కిటికీలోంచి ఒక్క ముక్క చెవిన పడింది.

"దానికింకా తెలీదు."

నేలిదా గిన్నె తిరిగిచ్చేసింది.

"గ్రాసియాస్."

విల్మార్ చెయ్యి గాల్లోనే ఆగింది. మాతే తిరిగిస్తూ అలా థాంక్స్ చెబితే, ఇక చాలు, పోయకు అని. మొదటి గిన్నెకే ఎవరూ అనరు.

అతను గిన్నె తీసుకుని లోపలికి వెళ్లాడు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బున్న పెళ్లాంతో మగవాడు ఎన్నాళ్లని వేగుతాడు? వారం వారం తొడకు సూది వెయ్యాలి. ఆ తర్వాత వచ్చే చలిజ్వరానికి దుప్పట్లు కప్పాలి.

అందుకే ఎడమచెయ్యి మొద్దుబారిన సంగతి అతనికి చెప్పలేదు. సోమవారం డాక్టరు దగ్గరా చెప్పదు. కొత్తగా ఏమీ లేదంటుంది. చెబితే మళ్లీ ఆసుపత్రి, మళ్లీ స్టెరాయిడ్ సీసాలు.

ఈసారి పక్కన ఇతనుంటాడా?

అంతలో ఆడపడుచు ఓలిందా వచ్చింది. వస్తూనే వంటింట్లో దూరి, తనే పోసుకుని ఓ గుక్క పీల్చింది.

"ఛీ ఛీ! ఇదేం మాతే అన్నయ్యా, కుళాయి నీళ్లు పోశావా? ఎవర్ని వెళ్లగొడదామని?"

నేలిదా గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా నడిచింది.

గట్టు మీద రెండు థర్మాసులు. ఎర్రది ఎప్పటిదో. నీలంది కొత్తది.

"ఆ నీలంది ఎవరికి?"

విల్మార్ దాని మూత బిగించాడు.

"నిన్నే. ఎవరికి?"

"నీకే."

"పొమ్మనేదేదో నోటితో చెప్పరాదూ?"

అతను దగ్గరికొచ్చి ఆమె ఎడమచెయ్యి వెల్లకిలా తిప్పాడు. అరచేతిలో బొబ్బ. పక్కనే మానుతున్న ఇంకోటి.

"ఇస్త్రీపెట్టె తగిలిందన్నావుగా వదినా!" అంది ఓలిందా.

"పోయిన ఆదివారం గిన్నె కాలిపోతుంటే ముట్టుకోలేకపోయాను నేను," అన్నాడు విల్మార్. "నువ్వేమో దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, నీ చెల్లెలి పెళ్లి కబుర్లు చెబుతున్నావు."

నేలిదా చెయ్యి లాక్కోబోయింది. అతను వదల్లేదు.

"ఫోన్లో ఎవరు?"

"సూదుల నర్సు. నాకు తెలిసిపోయిందని నీకింకా తెలీదన్నాను."

ఓలిందా సింకులో గిన్నె కడగడం మొదలుపెట్టింది, అవసరమైనదానికంటే ఎక్కువసేపు.

"సోమవారం నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

నేలిదా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎర్రదాంట్లోంచి పొయ్యి."

పోశాడు. ఆమె కుడిచేత్తో అందుకుంది.

"అబ్బా, కాలుతోంది."

గొట్టం గుర్రుమనేదాకా పీల్చి, ఖాళీ గిన్నె అతని ముందుకు చాపింది.

గ్రాసియాస్ అనకుండా.