పాల పుస్తకం

“మా ఆయన ఊపిరితిత్తులు తినేసింది మీ పెయింటు గదే!” లేబర్ ఆఫీసరు ముందే పెయింటర్ భార్య కంపెనీ మేనేజరును నిలదీసింది.

మేనేజరు ఇస్త్రీ నలగకుండా నవ్వాడు. “ఆ గదిలో విషం లేదు, మట్టీ లేదు. కన్నబిడ్డల్లా చూశాం. ఆ గదివాళ్లకి రోజూ గ్లాసెడు పాలు పోశాం. ఇవిగో సంతకాలు!” అంటూ పుస్తకం బల్లమీద పడేశాడు.

“బంగారు తండ్రివి! మరి మీ ఆఫీసువాళ్లకి పొయ్యలేదేం బాబూ?” అందామె.

“వాళ్లకెందుకు? వాళ్లు ఆ గాలి పీల్చరుగా!”

ఆఫీసరు తలెత్తి, ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. మేనేజరు పుస్తకం లాక్కోబోయాడు. ఆమె అప్పటికే దానిమీద మోచెయ్యి ఆనించింది.

“దీన్ని కేసులో పెట్టండి సారూ. వైద్యం కంపెనీయే చేయించాలి, పరిహారం కట్టాలి. ఆ గదికి ఇవాళే తాళం పడాలి!”