చదివానని చెప్పే ఉద్యోగం

స్పానిష్ ఒప్పందాలను ఇంగ్లీషులోకి మార్చే పని యంత్రాలకు వెళ్ళిపోయాక, చట్టం మనిషికి ఒక్క మాట మిగిల్చింది: "చదివాను." విశాఖలో ఒకప్పటి అనువాదకురాలు పుష్పవల్లికి జీతం ఆ మాటకే. చదివేంత తీరిక మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఆ రోజు స్పెయిన్ నుంచి ఒక ముసలావిడ మాటలు యంత్రం తెలుగులో వినిపించింది. "ఇంగ్లీషాయన కొట్టు మా తమ్ముడు అద్దెకి తీసుకుంటున్నాడు. పూచీ నాది. అద్దె బాకీపడ్డా ఆయన మా ఇంటి జోలికి రాడని స్పానిష్‌ పత్రంలో ఉంది. ఇంగ్లీషులోనూ అలాగే ఉందా? మా ఆయనుంటే చూసేవాడు. నువ్వు చదివావా తల్లీ?"

పక్క కుర్చీలోంచి తోటి ఉద్యోగి హైమావతి గొణిగింది. "కానీవే, అవతల జనం ఆగున్నారు."

"చదివానండి," అంది పుష్పవల్లి.

ముసలావిడ సంతకం పెట్టేసింది. పుష్పవల్లి ముఖం ఎవరికీ కనబడకుండా వంచుకుని పత్రం తెరవబోయింది. సంతకమైనవి తెరుచుకోవు. లైను ఇంకా తెగలేదు. ఆవిడ సంబరంగా అంటోంది: "మనిషే చదివిందిరా తమ్ముడూ! ఇక మనకేం భయం?"