ఆకుపచ్చ అంగీ

తీగ మీద ఆరేసిన ఆకుపచ్చ అంగీ మట్టిలో పడి ఉంది.

శ్రవణ్ కుమార్‌కు ఒళ్లు మండింది. నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతూ సినిమా తీస్తానని బయలుదేరిన మొనగాడు అతనే. తెలకపల్లి పక్కన గుట్ట, గుట్ట కింద మామిడితోట. అడవిలో దాక్కున్న ముఠా కథకు అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

"దీన్ని ఎవడు పడేసిండు?"

"నేనే పడేసిన."

అన్నది తోట కావలి సాయన్న. ఏ ఊరివాడో, ఎవరి మనిషో ఎవరికీ తెలియదు. ఎప్పుడో వచ్చి ఆ తోటలో చేరాడు, అంతే. పలకరిస్తే కరిచే రకం.

ఆ అంగీకి శ్రవణ్‌తో చదివే తేజస్విని రెండుసార్లు రంగు వేసింది. పాతబడినట్టు కనబడాలని బండకేసి రుద్దింది. ఇప్పుడు వంగి దాని మట్టి దులిపింది.

"ఇది తొడుక్కొని గుట్టెక్కకున్రి," అన్నాడు సాయన్న.

"మా అంగి, మా ఇష్టం. నడుమ నీకేంది?" అన్నాడు శ్రవణ్.

"పోలీసులు ఈ దిక్కు దినాం తిరుగుతుండ్రు. దూరంకెల్లి సూసేటోనికి మీరు కాలేజి పిల్లలని ఎట్ల ఎరుకైతది?"

"ప్రిన్సిపాల్ సారు పర్మిషన్ ఇచ్చిండు."

"తుపాకి గురి పెట్టినోడు మీ సారు సంతకం అడుగుతడా?"

శ్రవణ్‌కు కోపం రెట్టింపయింది.

జాగ్రత్తల గురించి తనకు ఈయన చెప్పాలా? అట్ట కత్తికి వెండి కాగితం అంటించింది తాను. ముఠా వేషం వేసే స్నేహితుడు విజయ్ బండ మీది నుంచి పడే సీను కోసం గోనె సంచుల్లో గడ్డి కూరించింది తాను. వడ్లాయన దగ్గర కూర్చుని, చెక్క తుపాకీ ఎవరికీ గీరుకోకుండా నున్నగా చిత్రిక పట్టించిందీ తానే.

"ముసలోడా, నువ్వు మామిడికాయలకు కావలుండు. మాకు కాదు."

సాయన్న కట్టె ఎత్తాడు. శ్రవణ్ రాయి అందుకున్నాడు. విజయ్ నడుమ దూరి ఇద్దరినీ విడదీశాడు.

దారిలో తేజస్విని మెల్లగా అంది, "రంగు మారుద్దాం శ్రవణ్. ఎర్రది కుట్టిస్త."

"ఎర్రదేస్తె ముఠా అనరు, బ్యాండు మేళం అంటరు."

రంగు మార్చడానికి వ్యవధి కూడా లేదు. పెళ్లి వీడియోలు తీసే వెంకటన్న, మూఢం కాబట్టి కెమెరా ఊరికే ఇచ్చాడు. ఆదివారంతో మూఢం వెళ్లిపోతుంది. సోమవారం నుంచి అతనికి పెళ్లిళ్లే పెళ్లిళ్లు. ఆదివారం తీయకపోతే శ్రవణ్‌కు ఇక సినిమా లేదు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ గుట్టెక్కారు.

విజయ్ ఆకుపచ్చ అంగీ తొడుక్కుని, చెక్క తుపాకీ పట్టుకుని బండ మీద నిలబడ్డాడు. శ్రవణ్ కెమెరాలో చూసి మురిసిపోయాడు. నిజంగా అడవిలోంచి ఊడిపడ్డట్టే ఉన్నాడు.

అంతలో సాయన్న రొప్పుకుంటూ వచ్చాడు. మాటా పలుకూ లేకుండా విజయ్ కాలు పట్టి లాగాడు. విజయ్ గడ్డి సంచుల మీద పడ్డాడు. సాయన్న అతని ఒంటి మీది అంగీ ఊడలాగాడు.

శ్రవణ్ పెద్దా చిన్నా చూడలేదు. చెంప ఛెళ్లుమనిపించాడు.

సాయన్న తిరిగి కొట్టలేదు.

"కింద పొదలల్ల పోలీసులున్నరు. ఈ అంగి వాండ్ల కండ్ల పడ్డది. ముగ్గురు బండ ఎనుక పండుకోన్రి. తల లేపకున్రి."

ఆ అంగీ తానే తొడుక్కున్నాడు. చెక్క తుపాకీని రెండు చేతులా తల మీదికెత్తి, గుట్ట దిగడం మొదలుపెట్టాడు.

"కాల్చకున్రి. నేనొక్కన్నే ఉన్న. దిగొస్తున్న," అని అరుస్తూనే పోయాడు.

పొదల్లోంచి మనుషులు లేచారు. ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టారు.

కాసేపటికి ఇద్దరు పోలీసులు పైకొచ్చారు. కెమెరా చూశారు. శ్రవణ్ చెవి మెలేసి, నాలుగు చీవాట్లు పెట్టి ఇంటికి పొమ్మన్నారు.

"పోలీసులకు చెప్పింది ఆ ముసలోడే," అన్నాడు శ్రవణ్ పళ్లు నూరుతూ. "షూటింగ్ చెడగొట్టెతందుకు ఆడిన నాటకం ఇదంత."

"చెప్పినోడైతె చేతులెందుకు కడ్తరు?" అంది తేజస్విని.

అతను వినిపించుకోలేదు. అంగీ జీపెక్కి పోయింది. పొద్దు ఇంకా ఉంది కానీ, మూఢం రేపటికి ఉండదు.

ఒక్కడే పోలీసు స్టేషన్‌కు పోయాడు. తలుపు దగ్గర వయసు మళ్లిన జమేదారు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద అంగీ ఉంది.

"సార్, మా అంగి ఇస్తె పోత. ఇయ్యాలనే సినిమా కావాలె."

"తీస్కపో."

"మీకు ఖబర్ ఇచ్చింది ఆ ముసలోడే గద సార్. అడుగడుగున అడ్డం తగిలిండు. రెండు తగిలించి ఇడువున్రి."

జమేదారు అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఖబర్ ఇచ్చింది మేకలు కాసేటాయన. మీ దోస్తును సూసి నిజమనుకున్నడు. మేం గూడ గట్లనే అనుకున్నం. జరసేపైతే కాలుస్తుంటిమి."

శ్రవణ్ అంగీ వైపు చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"మరి సాయన్న?"

"సాయన్న ఎవలు బిడ్డ? గా పేరు పెట్టుకున్నడు, అంతే."

జమేదారు అంగీ మడతపెట్టి అతని చేతిలో పెట్టాడు.

"అడివిల అన్నలతోని తిరిగి, తుపాకి పారేసి, ఆ తోటల తల దాసుకున్నడు. ఏండ్ల సంది మేం దేవులాడుతున్నది గాయన్నే. మీకోసం గుట్ట దిగి రాకుంటె మాకు జన్మల దొరకకపోతుండె."