రాజన్న మొక్కు

గోడమీది వంట వంతుల కాగితం మారింది. పోశన్న, దేవేందర్, సిద్ధయ్య, మళ్లీ పోశన్న. జలంధర్ చెప్పులు విప్పుతూనే రెండుసార్లు చదివాడు. ఈ నెల కూడా తన పేరు లేదు.

శుక్రవారం మధ్యాహ్నం కావడంతో అందరూ గదిలోనే ఉన్నారు. ఫర్వానియాలోని ఆ గదిలో నలుగురు ఉంటారు. నలుగురిదీ షుఐబాలో ఒకే కంపెనీ, పొద్దున్నే ఎక్కేది ఒకే బస్సు. పెద్దవాడు పోశన్నది జగిత్యాల. ఇనుప గొట్టాలతో పరంజాలు కట్టే జట్టుకు ఆయనే ఫోర్‌మన్. దేవేందర్‌ది కరీంనగర్, సిద్ధయ్యది కడప.

"ఎటు పోయినవ్ తమ్మీ?" ఉల్లిగడ్డలు కోస్తూ అడిగాడు పోశన్న.

"సిటీకి అన్నా. ఫోన్ కవర్ కొందామని."

"దొరికిందా?"

"లేదు."

పోశన్న తల ఊపి మళ్లీ కత్తిపీట మీదికి వంగాడు. ఆయన ఏదీ రెండోసారి అడగడు.

జలంధర్ సిటీకి పోలేదు. నాలుగు వీధుల అవతలున్న క్లినిక్‌కు పోయి రక్త పరీక్ష కాగితం తెచ్చుకున్నాడు. అది ఇప్పుడు చొక్కా లోపల బనీనుకు ఆనుకొని ఉంది. అంతా బాగుందట, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా అయినా ఏడాదికోసారి రెన్యూవల్ అవుతుంది గానీ, ఇరవై ఆరేళ్ల జలంధర్ ప్రాణం మూడు నెలలకోసారి అవుతోంది. క్లినిక్ అద్దంలో చూసుకుంటే జుట్టు, మీసం, అన్నీ ఎప్పటిలాగే వచ్చేశాయి. ఇక దొరికిపోయే ప్రమాదం లేదనుకొని ఇంటిదారి పట్టాడు.

నిరుడు మెడ పక్కన గడ్డ లేచింది. అవ్వకు బాగాలేదని చెప్పి ఊరికి పోతే, అది క్యాన్సరని హైదరాబాద్‌లో తేలింది. ఆరు నెలలకు మించి బయట ఉంటే ఇఖామా పోతుంది. అందుకని ఆఖరి మందు ఎక్కించిన పన్నెండో రోజునే, గడువుకు నాలుగు రోజులున్నాయనగా, టోపీ కిందికి లాక్కొని, నల్లకళ్లద్దాలు పెట్టుకొని విమానం ఎక్కాడు.

గదిలోకి వచ్చాక టోపీ, కళ్లద్దాలు తీయక తప్పలేదు. అబద్ధం మాత్రం దారిలోనే సిద్ధం చేసుకున్నాడు.

"రాజన్నకు ఎంటికలిచ్చొచ్చిన అన్నా."

వేములవాడ రాజన్న మొక్కంటే ఆ వైపు వాళ్లలో కాదనేవాడెవడు? మీసం కూడా ఇచ్చినవా అని దేవేందర్ నవ్వాడు. పోశన్న నవ్వలేదు. జలంధర్ ముఖాన్ని కాసేపు చూసి, నున్నటి గుండు మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు. తర్వాత నలుగురూ కలిసి ఫోటో దిగారు.

అబద్ధం ఆడటం అతనికి సరదా కాదు. రోగం సంగతి తెలిశాక ఊళ్లో చిన్నాయన ఇంట్లో అందరికీ స్టీలు గ్లాసుల్లో చాయ్ పోసి, అతనికొక్కడికే కాగితం కప్పులో ఇచ్చారు. ఇది అంటుకునే రోగం కాదని చెప్పబోయి, ఆ కప్పే అందుకొని తాగాడు. ఆ కప్పు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇక్కడా తెలిస్తే గది పోతుంది. కంపెనీకి తెలిస్తే పనీ పోతుంది.

అయినా వచ్చిన వారానికే ఏదో మొదలైంది. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే పోశన్న, పైన ఫ్యాన్ గాలి బాగా తగులుతుందని పై మంచానికి మారి, తలుపు పక్కనున్న తన కింది మంచం జలంధర్‌కిచ్చాడు. తర్వాత నీ కూరలో ఉప్పెక్కువ, తినలేకపోతున్నామని వంట మాన్పించాడు. ఆ మాటకు అందరూ నవ్వితే, జలంధర్‌కు చిన్నాయన ఇంటి కప్పు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎత్తు పని నుంచి తప్పించి సామాన్ల స్టోర్‌లో కూర్చోబెట్టాడు. మే నెలలో పరంజా ఎక్కేవాళ్లందరినీ కంపెనీ డాక్టరు పరీక్షలకు పిలిచారు. స్టోర్‌వాళ్లను పిలవలేదు. ఆ ఒక్క విషయంలో తనకు అదృష్టం కలిసొచ్చిందని జలంధర్ అనుకున్నాడు.

ఇప్పుడు దేవేందర్ బావ ఊరి నుంచి వస్తున్నాడని, అతనికో మంచం కావాలని వారం రోజులుగా గదిలో మాటలు నడుస్తున్నాయి.

"తినుకుంట మాట్లాడుదాం, కూసో తమ్మీ," అన్నాడు పోశన్న పళ్లేలు పరుస్తూ.

జలంధర్‌కు విషయం అర్థమైంది. రెండు ముద్దలు తిన్నాడు, మూడోది కలిపి పళ్లెంలోనే ఉంచాడు. పొమ్మనిపించుకోవడం కంటే తనంతట తాను పోవడమే నయం.

"నేను వేరే రూం చూసుకుంట అన్నా."

"నిన్నెవురు పొమ్మన్యారు?" అన్నాడు సిద్ధయ్య.

"అనాల్నా? మంచం తలుపు కాడికి తెచ్చిండ్రు. పని స్టోర్ల పడేసిండ్రు. నా చేతి బువ్వ మీకు పడ్తలేదు. ఇప్పుడు దేవన్న బావ వస్తుండు."

దేవేందర్ బిత్తరపోయాడు. "మా బావకు పక్క బిల్డింగుల రూం దొరికిందిరా. గదే చెప్దామని కూసోమన్నడు అన్న."

జలంధర్ పోశన్న వైపు తిరిగాడు.

"మరి వంట?"

"పోపు పొగకు దగ్గుతవ్ గద, అందుకే," అన్నాడు పోశన్న మెల్లగా.

"నాకేం రోగమని దగ్గుత?" అన్నాడు జలంధర్. "రాజన్నకు మొక్కు చెల్లించొచ్చిన, అంతే."

పోశన్న చెయ్యి చాచాడు. జలంధర్ పళ్లెంలోంచి, అతను కలిపి వదిలేసిన అన్నంలోంచే ఒక ముద్ద తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. ఎడమచేత్తో ఫోన్ తీసి తొమ్మిది నెలల కిందటి ఆ ఫోటోను అతని ముందు పెట్టాడు. అందులో నలుగురూ నవ్వుతున్నారు, నడుమ గుండుతో జలంధర్.

"రాజన్న కనుబొమ్మలు అడుగడు తమ్మీ."