దగ్గు లేని పదకొండు దినాలు

“సెలవు రోజు దగ్గు తగ్గుతదా?” ఊపిరి పరీక్ష రిపోర్టు చూస్తూ అడిగింది డాక్టరమ్మ.

“సెలవేడిది మేడం? అబిడ్స్‌ల బేకరీల పని నాది. ఐతారమే గిరాకీ జాస్తి,” అన్నాడు బిచ్చయ్య. పన్నెండేళ్లుగా అక్కడ మైదా జల్లెడ పడుతున్నాడు.

“పనికి పోని రోజుల్ల తగ్గిందంటే, ఈ రోగం పనివల్ల వచ్చిందే. జర యాది చేస్కో.”

బిచ్చయ్య తల వంచుకున్నాడు.

“నిరుడు నా భార్య పూలమ్మ సచ్చిపోయినప్పుడు పదకొండు దినాలు ఇంట్లనే ఉన్న. గప్పుడు దగ్గు రాలే. పండుకుంటే తెల్లారేదాంక మెలకువ రాలే. పెండ్లాం పోతే గింత సుఖంగ ఎట్ల నిద్ర పట్టిందని సిగ్గయితుండె మేడం. ఎవ్వరికీ చెప్పలే.”

“మళ్ల పనికి పోయినంక?”

“మొదటి దినమే మాపటికి షురువైంది.”

“మైదా దుమ్ముతోటి వచ్చిన ఆస్తమా ఇది. నిద్ర పట్టింది దగ్గు లేకనే. అండ్ల నీ తప్పేం లేదు. ఆ పని బంద్ చెయ్యి.”

“మైదాతోటి రోగమేంది మేడం? తినేదే కద!”

“తింటే ఏం కాదు. ఏండ్లకేండ్లు పీలిస్తేనే.”

ఏడాదిగా మోస్తున్న బరువు దిగినట్టయింది బిచ్చయ్యకు. డాక్టరమ్మ రాసిచ్చిన మందుల చీటీ జేబులో పెట్టుకుని లేచాడు. తలుపు దాకా వెళ్లి ఆగిపోయాడు.

“పూలమ్మ గూడ నా ఎదురుంగనే కూసోని జల్లెడ పట్టేది మేడం. గిదే దగ్గు, గిదే ఆయాసం. గట్లనే పోయింది.”

డాక్టరమ్మ కలం ఆగింది.

“నేను ముందుగాల సచ్చుంటే, గామెకు పదకొండు దినాలు సెలవు దొరుకుతుండె.”