పారెయ్యమన్న ముక్క

"ఎవరు పంపమన్నారు దీన్ని పరీక్షకి?" రిపోర్టు టేబుల్ మీద పడేసి కంటి డాక్టరు గయ్యిమన్నాడు.

"నేనే పంపాను సార్, మీ పేరు మీద," అంది సిస్టరు, ట్రేలో కత్తెరలు సర్దుతూ.

"పారెయ్యమన్నానా లేదా?"

"అన్నారు సార్. ముందు చదవండి."

చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

పది రోజుల కిందట కుట్టుపని చేసే ఒకావిడ వచ్చింది, ఎడమ కంట నీరు ఆగడం లేదని. "ఒక్కోసారి ఎర్రగా కూడా వస్తోందండీ" అంటే, "గట్టిగా తుడవకమ్మా" అని కొట్టిపారేశాడు. కన్నీళ్లు ముక్కులోకి దిగే దారి మూసుకుపోయిందని ఆపరేషన్ చేసి కొత్త దారి వేశాడు. చెయ్యి తిరిగిన డాక్టరాయె! అంత పేరొచ్చాక రోగి మాట చెవికెక్కదు కాబోలు. కన్నీటి సంచి లోంచి తీసిన ముక్కని పరీక్షకి పంపడం దండగన్నాడు. ఇప్పుడు ఆ ముక్కే క్యాన్సర్ అంటోంది. ఎక్కడో లక్షల్లో ఒకరికి వచ్చే రకం.

కబురందుకుని మొగుడూ పెళ్లాలిద్దరూ పరుగున వచ్చారు. విషయం చెప్పేసరికి ఆవిడ కుర్చీలో కూలబడింది.

"భయపడకమ్మా, తొందరగానే దొరికింది," అన్నాడు డాక్టరు. "పెద్దాసుపత్రికి రాసిస్తాను. సంచి మొత్తం తీసేసి, రేడియేషన్ కరెంటు పెడతారు. మళ్లీ కుట్టుకుంటావు."

భర్త గబుక్కున డాక్టరు చేతులు పట్టుకున్నాడు. "దేవుడిలాంటివారు బాబూ! ఇంకొకరైతే ఆ ముక్క అవతల పారేసేవారు."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. 'నేను కాదయ్యా, ఆ సిస్టరు' అని చెప్పబోయాడు. వాళ్లు దణ్ణాలు పెడుతుంటే తలొంచుకుని కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఇంత సిగ్గు జన్మలో ఎరగడు.

వాళ్లు వెళ్లాక లేచి సిస్టరు దగ్గరికి వచ్చాడు.

"నన్ను క్షమించమ్మా. ఇంత చదివినవాణ్ణి, నాకే తట్టలేదు. నీకెలా అనుమానం వచ్చింది?"

సిస్టరు కత్తెర కింద పెట్టింది.

"నిరుడు మా అమ్మ ఏ జబ్బుతో పోయిందో మీరెప్పుడూ అడగలేదు సార్. ఇదే. ఆవిడకి ఆపరేషన్ చేసింది మీరు, పారెయ్యమంటే ఆ ముక్క పారేసింది నేను."